షెల్‌లో ప్రామాణిక ఇన్‌పుట్ సమస్యలు

ప్రామాణిక ఇన్‌పుట్ లేదా స్టాండర్డ్ ఇన్‌పుట్ అనేది యునిక్సు, లినక్సు వంటి నిర్వహణ వ్యవస్థలలో ఒక ప్రోగ్రాము ప్రారంభమైనప్పుడే దానికి లభించే సమాచార ప్రవాహం. ప్రోగ్రాము తనకు కావలసిన సమాచారాన్ని ఈ మార్గం ద్వారా చదువుకుంటుంది. సాధారణంగా ఈ ప్రవాహం కీబోర్డు నుండి వస్తుంది. కాని షెల్‌లో ఒక చిన్న గుర్తు చేర్చి దీనిని ఒక ఫైలు నుండి గాని, మరొక ప్రోగ్రాము నుండి గాని వచ్చేటట్లు మళ్ళించవచ్చు. ఏ మార్గంలో వచ్చినా ప్రోగ్రాము ఒకే విధంగా చదువుతుంది. ఈ సౌలభ్యమే కమాండ్ షెల్ బలానికి మూలం. సమాచారం ఎక్కడి నుండి వస్తున్నదో, దానిని ఇంకెవరు చదువుతున్నారో బయటకు కనిపించకపోవడం వలన కలిగే పొరపాట్లకు కూడా ఇదే మూలం. వీటిలో చాలా పొరపాట్లు ఎటువంటి దోష సందేశాన్నీ ఇవ్వవు. పని పూర్తి అయినట్లే కనిపిస్తుంది, కాని ఫలితం తప్పుగా ఉంటుంది.

గమనిక: ఈ వ్యాసంలో ఆదేశాలు ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో చూపబడినవి. కంప్యూటరులో వాటిని రోమను లిపిలోనే టైపు చేయాలి.

చరిత్ర

1960ల నాటి పెద్ద కంప్యూటర్లలో ఒక ప్రోగ్రాము ఏ పరికరం నుండి సమాచారం తీసుకోవాలో, ఏ పరికరానికి ఫలితం పంపాలో ముందుగానే వివరంగా ప్రకటించవలసి వచ్చేది. తోటకు నీరు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్లు ప్రోగ్రాములను కూడా కలపగలగాలని బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లో ఒక అంతర్గత పత్రంలో ప్రతిపాదించాడు. అదే సంస్థలో 1969లో యునిక్సు రూపకల్పన ప్రారంభమైనది. 1973లో కెన్ థాంప్సన్ యునిక్సులో పైపు సౌకర్యాన్ని చేర్చాడు. దీనితో ఒక ప్రోగ్రాము ఔట్‌పుట్ నేరుగా మరొక ప్రోగ్రాముకు ప్రామాణిక ఇన్‌పుట్‌గా మారగలిగింది.

1979లో యునిక్సు ఏడవ కూర్పుతో వచ్చిన బోర్న్ షెల్, 1989లో వెలువడిన బాష్ ఈ పద్ధతిని కొనసాగించినవి. మైక్రోసాఫ్ట్ 1983లో విడుదల చేసిన ఎంఎస్-డాస్ 2.0లో కూడా మళ్ళింపు, పైపు సౌకర్యాలు చేర్చబడినవి. అయితే డాస్ ఒకేసారి రెండు ప్రోగ్రాములను నడపలేదు కనుక, మొదటి ప్రోగ్రాము ఫలితాన్ని ఒక తాత్కాలిక ఫైలులో ఉంచి, అది ముగిసిన తరువాత రెండవ దానికి అందించేది.

పనిచేసే విధానం

యునిక్సు వ్యవస్థలో తెరిచి ఉన్న ప్రతి ఫైలుకు లేదా పరికరానికి ప్రోగ్రాములో ఒక సంఖ్య ఉంటుంది. దీనిని ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. మొదటి మూడు సంఖ్యలకు ప్రత్యేక స్థానం ఉన్నది.

• 0 – ప్రామాణిక ఇన్‌పుట్
• 1 – ప్రామాణిక ఔట్‌పుట్
• 2 – ప్రామాణిక దోష ప్రవాహం

ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును ప్రారంభించినప్పుడు ఈ మూడూ వారసత్వంగా సంక్రమిస్తాయి. ఇది కేవలం నకలు కాదు. తల్లి, పిల్ల ప్రోగ్రాములు రెండూ ఒకే ప్రవాహాన్ని పంచుకుంటాయి. ఒకరు చదివిన భాగం రెండవ వారికి తిరిగి లభించదు. ఒకే కుండలోని నీటిని ఇద్దరు ముంచుకున్నట్లు, ఒకరు ఎక్కువ తీసుకుంటే మరొకరికి ఆ మేరకు తగ్గుతుంది. ఈ వ్యాసంలోని అనేక సమస్యలకు ఇదే కారణం.

ప్రామాణిక ఇన్‌పుట్‌ను మళ్ళించడానికి షెల్‌లో వాడే ముఖ్యమైన గుర్తులు ఇవి.

• < – ఫైలు నుండి చదువుట. ఉదాహరణకు, సార్ట్ < పేర్లు
• | – ముందున్న ఆదేశపు ఔట్‌పుట్‌ను తరువాతి ఆదేశానికి ఇచ్చుట
• << – స్క్రిప్టులోనే వ్రాసిన కొన్ని వరుసలను ఇన్‌పుట్‌గా ఇచ్చుట
• <<< – ఒకే పదాన్ని లేదా వాక్యాన్ని ఇన్‌పుట్‌గా ఇచ్చుట. ఇది బాష్, జెడ్-షెల్ వంటి వాటిలో ఉన్నది

ఇన్‌పుట్ ముగిసినదని తెలిపే ప్రత్యేక అక్షరం ఏదీ ఫైలులో ఉండదు. ప్రోగ్రాము చదవబోయినప్పుడు సున్న బైట్లు లభిస్తే అదే ముగింపు. కీబోర్డు వద్ద వరుస మొదట్లో కంట్రోల్-డి నొక్కితే ఇదే జరుగుతుంది. వరుస మధ్యలో నొక్కితే అంతవరకు టైపు చేసిన భాగం మాత్రమే ప్రోగ్రాముకు చేరుతుంది. కనుక అక్కడ రెండుసార్లు నొక్కాలి. కంట్రోల్-సి దీనికి భిన్నం. అది ఇన్‌పుట్‌ను ముగించదు, ప్రోగ్రామునే ఆపివేస్తుంది.

సాధారణ సమస్యలు

ఆదేశం కదలక నిలిచిపోవుట

గ్రెప్, క్యాట్, సార్ట్, డబ్ల్యుసి వంటి ఆదేశాలకు ఫైలు పేరు ఇవ్వకపోతే అవి ప్రామాణిక ఇన్‌పుట్ కొరకు ఎదురుచూస్తాయి. కొత్తవారికి ఇది కంప్యూటరు స్తంభించినట్లు తోస్తుంది. నిజానికి ప్రోగ్రాము కీబోర్డు వైపు చూస్తున్నది. స్క్రిప్టులలో ఫైలు పేరు ఉండవలసిన చరరాశి ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. చరరాశిని కొటేషన్ గుర్తుల మధ్య వ్రాస్తే, ఖాళీ పేరు గల ఫైలు లేదని ఆదేశం వెంటనే దోషం తెలుపుతుంది. మౌనంగా నిలిచిపోవడం కంటే అది మేలు.

కొన్నిసార్లు ఇన్‌పుట్ వస్తూనే ఉన్నా ఆలస్యంగా చేరుతుంది. ప్రోగ్రాము ఔట్‌పుట్ తెరకు వెళ్ళేటప్పుడు వరుసకొకసారి, పైపులోనికి వెళ్ళేటప్పుడు పెద్ద భాగాలుగా పంపబడటం సి భాషా గ్రంథాలయపు సాధారణ పద్ధతి. అందువలన పెరుగుతున్న లాగ్ ఫైలును రెండు గ్రెప్ ఆదేశాల గుండా పంపితే చివరి దానికి చాలాసేపు ఏమీ అందకపోవచ్చు. గ్రెప్‌లోని లైన్-బఫర్డ్ ఐచ్ఛికం గాని, ఎస్‌టిడిబఫ్ ఆదేశం గాని దీనికి పరిష్కారం.

ఆర్గ్యుమెంటుకు, ఇన్‌పుట్‌కు మధ్య తికమక

ఆదేశం పేరు ప్రక్కన వ్రాసే పదాలు ఆర్గ్యుమెంట్లు. ప్రామాణిక ఇన్‌పుట్ వేరు. ఆర్‌ఎం, ఎంకెడిఐఆర్, ఎకో వంటి ఆదేశాలు ప్రామాణిక ఇన్‌పుట్‌ను తమ పనికి వాడవు. కాబట్టి తొలగించవలసిన ఫైళ్ళ పేర్లను పైపు ద్వారా ఆర్‌ఎంకు పంపితే ఏమీ తొలగవు. ఇన్‌పుట్‌లోని పదాలను ఆర్గ్యుమెంట్లుగా మార్చడానికి ఎక్స్‌ఆర్గ్స్ అనే ఆదేశం ఉన్నది.

ఎక్స్‌ఆర్గ్స్ వాడకంలో ఒక ప్రమాదం ఉన్నది. అది సాధారణంగా ఖాళీ స్థలం వద్ద పదాలను విడదీస్తుంది. "పాత నివేదిక" అనే ఫైలును తొలగించమని పంపితే అది "పాత", "నివేదిక" అనే రెండు పేర్లుగా ఆర్‌ఎంకు చేరుతుంది. "నివేదిక" అనే మరొక ఫైలు ఆ డైరెక్టరీలో ఉంటే అదే తొలగిపోతుంది. తొలగించదలచినది మాత్రం మిగిలిపోతుంది. దీనిని నివారించడానికి ఫైండ్ ఆదేశానికి ‘-ప్రింట్0’, ఎక్స్‌ఆర్గ్స్‌కు ‘-0’ అనే ఐచ్ఛికాలు ఇస్తారు. అప్పుడు పేర్ల మధ్య సున్న విలువ గల బైటు విభజనగా ఉంటుంది. ఫైలు పేరులో ఈ బైటు ఉండే వీలు లేదు కనుక పొరపాటుకు తావు లేదు.

లూపు మొదటి వరుసతోనే ముగియుట

సర్వర్ల పేర్లు వరుసకొకటి చొప్పున ‘సర్వర్లు’ అనే ఫైలులో ఉన్నాయనుకుందాం. ప్రతి సర్వరులో బ్యాకప్ ఆదేశాన్ని నడపడానికి ఈ విధంగా వ్రాస్తారు.

    వైల్ రీడ్ -ఆర్ పేరు
    డూ
        ఎస్‌ఎస్‌హెచ్ "$పేరు" బ్యాకప్
    డన్ < సర్వర్లు

ఫైలులో 40 పేర్లు ఉన్నా బ్యాకప్ మొదటి సర్వరులో మాత్రమే జరుగుతుంది. దోష సందేశం రాదు. స్క్రిప్టు విజయవంతంగా ముగిసినట్లే కనిపిస్తుంది. మిగిలిన 39 సర్వర్లకు బ్యాకప్ లేదన్న సంగతి, వాటిలో ఒకటి చెడిపోయి బ్యాకప్ కొరకు వెదికిన రోజున గాని తెలియకపోవచ్చు.

కారణం వారసత్వమే. లూపులోని ఎస్‌ఎస్‌హెచ్ కూడా ‘సర్వర్లు’ ఫైలునే తన ప్రామాణిక ఇన్‌పుట్‌గా పొందుతుంది. అవతలి సర్వరులోని ఆదేశానికి పంపడం కొరకు మిగిలిన వరుసలన్నిటినీ చదివివేస్తుంది. తరువాత రీడ్ ఆదేశానికి ఏమీ మిగలదు. దీనికి మూడు పరిష్కారాలు ఉన్నవి.

• ఎస్‌ఎస్‌హెచ్‌కు ‘-ఎన్’ ఐచ్ఛికం ఇచ్చుట
• ఆ ఆదేశం చివర < /డెవ్/నల్ అని చేర్చుట. ఇది ఎప్పుడు చదివినా ఖాళీగా ఉండే పరికరం
• సర్వర్ల జాబితాను 0 బదులు 3వ డిస్క్రిప్టర్ ద్వారా చదువుట

మూడవ పద్ధతిలో లూపు లోపల ఏ ఆదేశం ఉన్నా జాబితాకు హాని జరగదు. వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా నడుస్తున్నప్పుడు మీటల ఆదేశాల కొరకు ప్రామాణిక ఇన్‌పుట్‌ను చదువుతుంది. దానిని ఇటువంటి లూపులో వాడితే తరువాతి ఫైలు పేర్లలో మొదటి అక్షరాలు మాయమవుతాయి. దీనికొరకే అందులో ‘-నోఎస్‌టిడిఐఎన్’ అనే ఐచ్ఛికం ఉన్నది.

ఇంటర్నెట్ నుండి తెచ్చిన స్క్రిప్టును పైపు ద్వారా నేరుగా బాష్‌కు పంపినప్పుడు కూడా ఇదే చిక్కు ఏర్పడుతుంది. అప్పుడు స్క్రిప్టు పాఠ్యమే ప్రామాణిక ఇన్‌పుట్ అవుతుంది. మధ్యలో రీడ్ ఆదేశం వినియోగదారుని జవాబు కోరితే, కీబోర్డుకు బదులు స్క్రిప్టులోని తరువాతి వరుస జవాబుగా అందుతుంది. జవాబును /డెవ్/టిటివై నుండి చదివితే ఈ సమస్య ఉండదు. అది ఎల్లప్పుడు ఆ ప్రోగ్రామును నియంత్రించే టెర్మినలును సూచిస్తుంది. అంతేకాక, దిగుమతి మధ్యలో ఆగిపోతే అప్పటివరకు వచ్చిన సగం స్క్రిప్టు నడిచే ప్రమాదం కూడా ఉన్నది. స్క్రిప్టును ముందుగా ఫైలుగా భద్రపరచి, చదివి, పిమ్మట నడపడం మంచి పద్ధతి.

వరుసలు చెదరుట

రీడ్ ఆదేశాన్ని ఐచ్ఛికాలు లేకుండా వాడితే అది వెనుక గీతను ప్రత్యేక గుర్తుగా భావించి తొలగిస్తుంది. వరుస మొదటనున్న, చివరనున్న ఖాళీలను కూడా తీసివేస్తుంది. ‘-ఆర్’ ఐచ్ఛికం మొదటి దానిని నివారిస్తుంది. ఐఎఫ్‌ఎస్ అనే చరరాశిని ఖాళీ చేయడం రెండవ దానిని నివారిస్తుంది.

ఫైలులోని చివరి వరుస తరువాత కొత్త వరుస గుర్తు లేకపోతే రీడ్ ఆ వరుసను చదువుతుంది గాని, ముగింపు ఎదురైనదని తెలుపుతుంది. దానితో లూపు ఆగిపోయి చివరి వరుస పరిశీలనకు రాదు. జాబితాలోని ఆఖరి పేరు మాత్రమే తప్పిపోతున్నదంటే ముందుగా దీనిని అనుమానించాలి.

విండోస్‌లో తయారైన ఫైళ్ళలో ప్రతి వరుస చివర 13, 10 విలువలు గల రెండు అక్షరాలు ఉంటాయి. యునిక్సు పద్ధతిలో 10 మాత్రమే ఉంటుంది. అందువలన యునిక్సులో చదివిన ప్రతి పేరుకు తెరపై కనిపించని ఒక అక్షరం అంటుకుంటుంది. పేరు చూడటానికి సరిగానే ఉన్నా అటువంటి ఫైలు లేదని సందేశం వస్తుంది. డాస్2యునిక్స్ అనే ఆదేశం ఈ అక్షరాలను తొలగిస్తుంది.

చరరాశి విలువ పోవుట

పైపు తరువాత లూపు వ్రాసి అందులో లెక్కించిన విలువ, లూపు ముగిసిన తరువాత సున్నగానే కనిపిస్తుంది. బాష్‌లో పైపులోని ప్రతి భాగం వేరొక ఉపషెల్‌లో నడుస్తుంది. దానితో పాటే దాని చరరాశులు కూడా అంతరిస్తాయి. కార్న్ షెల్, జెడ్-షెల్ మాత్రం చివరి భాగాన్ని ప్రస్తుత షెల్‌లోనే నడుపుతాయి. బాష్‌లో పైపుకు బదులు < గుర్తుతో ఫైలు నుండి చదివితే విలువ నిలుస్తుంది. స్క్రిప్టులలో అయితే 2011లో బాష్ 4.2తో వచ్చిన ‘లాస్ట్‌పైప్’ అమరికను కూడా వాడవచ్చు.

చదవవలసిన ఫైలే ఖాళీ అగుట

ఒక ఫైలును క్రమబద్ధం చేసి అదే పేరుతో భద్రపరచాలని కొందరు ఇలా వ్రాస్తారు.

    సార్ట్ < పేర్లు > పేర్లు

ఫలితంగా ఫైలులోని సమాచారమంతా నశిస్తుంది. మళ్ళింపులను షెల్ ముందుగా అమరుస్తుంది. > గుర్తును చూడగానే ఫైలును ఖాళీ చేస్తుంది. ఆ తరువాతనే సార్ట్ ప్రారంభమవుతుంది. అప్పటికి చదవడానికి ఏమీ ఉండదు. సార్ట్‌కు ‘-ఓ’ ఐచ్ఛికంతో అదే ఫైలు పేరు ఇస్తే క్షేమంగా జరుగుతుంది. ఇతర ఆదేశాలకు తాత్కాలిక ఫైలు వాడి, పని సరిగా ముగిసిన పిమ్మట దాని పేరు మార్చాలి. షెల్‌లో ‘సెట్ -సి’ (పెద్ద బడి సి) అమరిక చేసుకుంటే ఉన్న ఫైలును > గుర్తు చెరిపివేయకుండా షెల్ అడ్డుకుంటుంది.

నేపథ్యంలోను, నిర్ణీత సమయంలోను నడిచే పనులు

చివర & గుర్తుతో నేపథ్యంలో నడుస్తున్న ప్రోగ్రాము కీబోర్డు నుండి చదవబోతే, వ్యవస్థ దానికి ఒక సంకేతం పంపి తాత్కాలికంగా ఆపివేస్తుంది. ముందున్న ప్రోగ్రాముకు చేరవలసిన అక్షరాలు నేపథ్యంలోని దానికి చేరకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. ఎఫ్‌జి ఆదేశంతో దానిని ముందుకు తెచ్చి జవాబు ఇవ్వవచ్చు.

క్రాన్ ద్వారా నిర్ణీత సమయాలలో నడిచే పనులకు టెర్మినలు ఉండదు. చేతితో నడిపినప్పుడు పనిచేసిన స్క్రిప్టు క్రాన్‌లో విఫలమైతే, అది ఎక్కడైనా జవాబు కొరకు అడుగుతున్నదేమో చూడాలి. క్రాన్ పట్టికలో % గుర్తుకు మరొక అర్థం ఉన్నది. మొదటి % తరువాతి భాగమంతా ఆదేశానికి ప్రామాణిక ఇన్‌పుట్‌గా పంపబడుతుంది. తేదీని ఫైలు పేరులో చేర్చడానికి డేట్ ఆదేశంతో % వాడేవారు దీని వలన ఇబ్బంది పడతారు. గుర్తుకు ముందు వెనుక గీత చేర్చడమే పరిష్కారం.

డాకర్ కంటెయినర్లలో ‘-ఐ’ ఐచ్ఛికం లేనిదే బయటి నుండి పంపిన ఇన్‌పుట్ లోపలికి చేరదు. ‘-టి’ ఐచ్ఛికం టెర్మినలును కోరుతుంది కనుక పైపుతో కలిపి వాడితే దోషం వస్తుంది.

సంకేతపదాలు

ఎకో ద్వారా సంకేతపదాన్ని పంపినా ఎస్‌ఎస్‌హెచ్, సుడో దానిని స్వీకరించవు. అవి సంకేతపదాన్ని ప్రామాణిక ఇన్‌పుట్ నుండి కాక నేరుగా టెర్మినలు నుండి చదువుతాయి. సుడోకు ‘-ఎస్’ (పెద్ద బడి ఎస్) ఇస్తే ప్రామాణిక ఇన్‌పుట్ నుండి చదువుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ విషయంలో తాళపు చెవుల జతను వాడటం సరియైన పద్ధతి. సంకేతపదాన్ని ఆర్గ్యుమెంటుగా ఇవ్వడం మంచిది కాదు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో అది ఇతర వినియోగదారులకు కనిపించవచ్చు.

తెలుగు పాఠ్యం

యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడు అక్షరం ప్రతి ఒక్కటి 3 బైట్లు ఆక్రమిస్తుంది. "తెలుగు" అనే పదంలో మూడు హల్లులు, మూడు అచ్చు గుర్తులు కలిపి 6 సంకేతాలు, 18 బైట్లు ఉంటాయి. ఎకోతో ఈ పదాన్ని డబ్ల్యుసికి పంపితే బైట్ల లెక్క 19 వస్తుంది. చివరి బైటు కొత్త వరుస గుర్తు. అక్షరాల లెక్క అడిగితే 7 వస్తుంది. కంటికి కనిపించే మూడక్షరాల లెక్క దీనికి వేరు.

క్యాట్ వంటి ప్రోగ్రాముకు తెలుగులో టైపు చేస్తూ బ్యాక్‌స్పేస్ నొక్కినప్పుడు విరిగిన గుర్తులు వస్తే, టెర్మినలు ఒక్కొక్క బైటునే తొలగిస్తున్నదని అర్థం. లినక్సులో ‘ఎస్‌టిటివై ఐయుటిఎఫ్8’ అనే ఆదేశం దీనిని సరిచేస్తుంది. అప్పుడు కూడా "తె" తొలగించడానికి రెండుసార్లు నొక్కాలి.

తెలుగు ఫైళ్ళను యుటిఎఫ్-8గా భద్రపరచినప్పుడు 2019కి ముందరి విండోస్ నోట్‌ప్యాడ్ మొదట మూడు బైట్ల గుర్తును చేర్చేది. అటువంటి పాత ఫైళ్ళను ఇన్‌పుట్‌గా ఇస్తే మొదటి వరుసలోని మొదటి పదం మాత్రమే పోలికలో తప్పుతుంది.

విండోస్‌లో భేదాలు

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇన్‌పుట్ ముగింపుకు కంట్రోల్-జెడ్ నొక్కి, ఆపై ఎంటర్ నొక్కాలి. ఖాళీ పరికరం పేరు నల్. పవర్‌షెల్‌లో < గుర్తు పనిచేయదు. ఫైలును గెట్-కంటెంట్ ఆదేశంతో చదివి పైపు ద్వారా పంపాలి. పవర్‌షెల్ 5.1 వరకు, పైపు ద్వారా ఇతర ప్రోగ్రాములకు పంపే పాఠ్యం ఆస్కీ పద్ధతిలోనికి మార్చబడేది కనుక తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా చేరతాయి. ఔట్‌పుట్ ఎన్‌కోడింగ్ అనే చరరాశిని యుటిఎఫ్-8గా మార్చడం దీనికి పరిష్కారం. 6వ కూర్పు నుండి యుటిఎఫ్-8 అప్రమేయంగా ఉన్నది.

కారణాన్ని కనుగొనే క్రమం

ఇన్‌పుట్ సమస్య ఎదురైనప్పుడు క్రింది క్రమాన్ని పాటించడం ఉపయోగకరం.

1. అనుమానించిన ఆదేశం చివర < /డెవ్/నల్ చేర్చి మళ్ళీ నడపాలి. ప్రవర్తన మారితే సమస్య ప్రామాణిక ఇన్‌పుట్‌కు సంబంధించినదే.
2. ‘టెస్ట్ -టి 0’ ఆదేశంతో ఇన్‌పుట్ టెర్మినలు నుండి వస్తున్నదా, వేరొక చోటి నుండి వస్తున్నదా తెలుసుకోవాలి.
3. నిలిచిపోయిన ప్రోగ్రాము అయితే లినక్సులో /ప్రాక్ డైరెక్టరీలో, ఆ ప్రోగ్రాము సంఖ్య క్రింద, ఎఫ్‌డి/0 దేనిని సూచిస్తున్నదో చూడాలి. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కూడా ఈ వివరం ఇస్తుంది.
4. ఇన్‌పుట్‌ను ‘ఓడి -సి’ ఆదేశానికి పంపి బైట్లను పరిశీలించాలి. కనిపించని అక్షరాలు ఇక్కడ బయటపడతాయి.
5. ఎస్‌ట్రేస్ ద్వారా 0వ డిస్క్రిప్టర్ నుండి ఎవరు, ఎంత చదువుతున్నారో గమనించాలి.
6. టైపు చేసిన అక్షరాలు తెరపై కనిపించకపోతే ‘ఎస్‌టిటివై సేన్’ ఆదేశం టెర్మినలును సాధారణ స్థితికి తెస్తుంది.

లూపులు గల స్క్రిప్టులో చివరిగా జాబితాలోని వరుసల సంఖ్యను, పూర్తయిన పనుల సంఖ్యను పోల్చి, రెండూ సమానం కాకపోతే దోషంతో ముగిసేటట్లు వ్రాయడం మంచిది. ఇన్‌పుట్ మధ్యలో మాయమైన సంగతి ఈ పోలికలో వెంటనే తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

• యునిక్సు
• లినక్సు
• బాష్
• పైపు (కంప్యూటరు)
• యుటిఎఫ్-8